“కూడదు” – శబ్దార్థవిచారము

జరుగుటకు వీలులేనిదానిని దెలుపుటకుఁ దెలుఁగువారు సాధారణముగా వాడు పదము “అసంభవము”. ఇది తత్సమము. దీనిని బట్టి యీ యర్థమునఁ దెలుఁగునకుఁ దనదగు మాట లేదని తోఁపవచ్చును. ఆ తలంపు నిలువదు. “కూడదు” అను దేశ్యపద మందులకుఁ జాలియున్నది.

సంస్కృతమున భూధాతువు “సమ్” అను నుపసర్గముతోఁ జేరి కలియుట, పుట్టుట, వీలగుట అను నర్థముల నిచ్చును. తెలుఁగునఁ గూడుధాతువునకుఁ గలియుటయే మొదటి యర్థము. ఏఱులు కూడును, జనులు కూడుదురు. కావలసినవన్నియుఁ గూడినచోఁ గార్యము సమకూడును, ఫలము చేకూడును. కూడనిది జరుగనేరదు. కలియుటనుండి జరుగుటకు రెండు భాషలు నొకే త్రోవను నడచినవి.

అయినను నేఁడు “చేయఁగూడదు” అన్నచోఁ “జేయుట తగదు” అను నిషేధమే స్ఫురించును. అఱవమునను “కూడుం” అనఁగా వీలగును. “కూడాదు” అనఁగాఁ దగదు. “కూడనిపని” యనునెడ మాత్రము కానిపని, తగనిపని యను రెండర్థములు నింకను బెనఁగొనియున్నవి.

ఈ పెనఁగు పండితుల వినోదమునకు మాత్రమే చెందినది కాదు. సీతంపేట కొండలలోని సవరల మాతృభాష తెలుఁగుతోఁ జుట్టఱికము లేని ముండాశాఖలోనిది. గిడుగు రామమూర్తిపంతులుగారు దానిని నేర్చి, 1931లో బోధగ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. తెలుఁగును బడిలో నేర్చు సవరబాలునకుఁ గుందేటికిఁ గొమ్ము మొలచుటయు, అడవిలోఁ బోడు కొట్టుటయు “కూడనిపనులే” యని చెప్పినచో నతఁ డేమి గ్రహించును? మొదటిది ప్రకృతిలో లేనిది. రెండవది తాతముత్తాతలు చేసి బ్రదికినది; 1882 నాఁటి మద్రాసు అటవీచట్టము రక్షితారణ్యములలో నిషేధించినది. 2006 నాఁటి అటవీహక్కుల చట్టమో, 2005 డిసెంబరు 13వ తేదికి ముందునుండి గిరిజనులు సాగుచేసికొనుచున్న యటవీభూమిపై వారి హక్కు నంగీకరించినది. శాసనమువలనఁ గూడనిది శాసనమువలననే కూడెను. కుందేటి కొమ్మునకు నే శాసనమును దోడ్పడఁజాలదు.

కావునఁ బ్రకృతివిరుద్ధమునకుఁ “గానేరదు” అనియు, నిషిద్ధమునకుఁ “గూడదు” అనియు వేఱుగా బోధించుట యుపాధ్యాయులకు యుక్తము. ఒకరు వలదన్నదానిని, ఎన్నఁడును గానిదిగా బాలుఁడు నమ్మిపోవుట భాషాదోషముకంటెఁ బెద్ద దోషము.