లెక్కలో మిగిలిపోయే గొంతు

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకి రక్షణ దొరికింది, సంతోషం. రేకు తీసే ఆడవాళ్ల మాటకి అలాంటి ధ్రువపత్రం ఎవరూ ఇవ్వరు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వెలువడినప్పుడు రైతుల మాటలు అచ్చులోకి ఎక్కాయి. వాళ్ల పలుకు, యాస ఎక్కలేదు, కాగితానికి అది సాధ్యం కాదు కూడా. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది. పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దావిడ చేత నాలుగు మాటలు చెప్పించి, వాయిస్ మెసేజ్‌గా పంపించేసి, భద్రం చేశామనుకుంటున్నాం. అది భద్రం చేయడం కాదని నా వాదన. మాట్లాడుకోవడానికి పుట్టిన కుదింపు లెక్కని దాచుకునే పనికి వాడకూడదు.

ఆ లెక్క ఎంత గొప్పదో ముందు ఒప్పుకోవాలి. మామూలు డిజిటల్ టెలిఫోను గొంతుని సెకనుకి 8000 సార్లు కొలిచి, కొలతకి 8 బిట్ల చొప్పున 64 వేల బిట్లు పంపుతుంది. తొలి జీఎస్‌ఎం మొబైళ్లు దాన్ని 13 వేలకి దించాయి. 20 మిల్లీసెకన్ల మాటకి 1280 బిట్లు పట్టేచోట 260తో సరిపెట్టాయన్నమాట. నోరూ నాలుకా ఒక ఆకారంలోకి వచ్చాక కాసేపు అక్కడే ఉంటాయి కాబట్టి ఇది కుదిరింది. గడిచిన ఎనిమిదో పదో కొలతలు తెలిస్తే తర్వాతిది ఇంచుమించుగా చెప్పేయొచ్చు. ఈ లీనియర్ ప్రిడిక్షన్‌ని 1960ల చివర్లో జపాన్‌లో ఇటకురా, సైతో, అమెరికా బెల్ ల్యాబ్స్‌లో మన దేశం నుంచి వెళ్లిన బిష్ణు అటల్, ఆయన సహచరుడు ష్రోడర్ ఎవరికి వారుగా మాటకి అన్వయించారు. ఊహకి వాడే గుణకాలు నోటి ఆకారాన్ని చెబుతాయి. ఊహ ఎంత తప్పిందో అది శేషం. గుణకాలు పంపడం చవక, ఖర్చంతా శేషంతోనే. 1985లో అటల్, ష్రోడర్ దానికీ ఉపాయం చెప్పారు. ముందే పేర్చుకున్న 1024 నమూనాల్లో చెవికి అసలుకి దగ్గరగా తోచేది వెతికి, దాని నంబరు ఒక్కటే పంపడం. 5 మిల్లీసెకన్ల శేషానికి 10 బిట్లు! ఆనాటి క్రే-1 సూపర్ కంప్యూటర్‌కి ఒక్క సెకను మాట మీద ఈ వెతుకులాట రెండు నిమిషాల పైనే పట్టింది. ఆ పద్ధతి వారసుల్ని ఇవాళ జేబులో ఫోను చెమట పట్టకుండా నడుపుతోంది. కువైట్‌లో ఉన్న కొడుకుతో కోనసీమ తల్లి రోజూ మాట్లాడగలగడం ఈ లెక్క చలవే.

అయితే అలా నంబరుగా మార్చేసిన శేషంలో ఏముంది? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివిన బయ్యా యజ్ఞనారాయణ గారు 1979లో టి.వి. అనంతపద్మనాభతో కలిసి రాసిన పత్రంలో, స్వరతంత్రులు మూసుకునే క్షణాన్ని ఈ శేషంలోనే పట్టుకున్నారు. శేషాన్ని బట్టి మాట్లాడింది ఎవరో గుర్తుపట్టవచ్చని 2006లో ఆయన బృందం చూపింది. మనిషి ఆనవాలు అందులో ఉందన్నమాట. ఇక పూతరేకుల పొయ్యి దగ్గరికే వద్దాం. పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, బోర్లించి కాచిన కుండ మీద పడగానే చుయ్యిమంటుంది. పనితనం తెలిపే చప్పుడది. గొంతు కోసం రాసిన కోడెక్‌కి, అంటే ఆ కుదింపు లెక్కకి, అది గొంతు కాదు. మాట ఆగిందని తోస్తే మొబైల్ కోడెక్‌లు అసలు శబ్దం పంపడం మానేసి, అవతలి ఫోనులో కృత్రిమమైన సన్నని హోరు పుట్టిస్తాయి. పైగా పాత ఫోను లైన్లు 3400 హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని కోసేస్తాయి. ఫోనులో ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు "ఎస్సా, ఎఫ్ఫా" అని రెండుసార్లు అడిగించుకునేది అందుకే.

ఇది పాత కథ, ఇప్పుడు వోల్టీలో 7000 హెర్ట్జ్ దాకా వినిపిస్తోంది కదా, వాయిస్ మెసేజ్‌లు వాడే ఓపస్ కోడెక్ సంగీతాన్ని కూడా మోస్తుంది కదా అంటారు. నిజమే. కానీ ఎన్ని బిట్లు కేటాయించాలో తేల్చేది యాప్, మనం కాదు. వినడానికి బాగుంటే చాలదా అన్నది ఇంకో మాట. మాట్లాడుకోవడానికి చాలు. యాభై ఏళ్ల తర్వాత ఆ యాసని పరిశీలించేవాడికి చెవి ఒక్కటే సాధనం కాదు, కొలతలు కావాలి. కొత్త న్యూరల్ కోడెక్‌ల విషయంలో నా అనుమానం మరీ ఎక్కువ. సెకనుకి మూడు వేల బిట్లతో అవి ముచ్చటైన గొంతు వినిపిస్తాయి, కాకపోతే లోటుని తాము నేర్చుకున్న వేరే గొంతులతో పూరిస్తాయి. పెద్దావిడ పలికిన తీరు ఎంతో, యంత్రం ఊహించింది ఎంతో తర్వాత విడదీయలేం.

ఇందులో గణితం తప్పేమీ లేదు. శబ్దాన్ని నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ కూడా ఇదే లీనియర్ ప్రిడిక్షన్ వాడుతుంది. తేడా ఒక్కటే, అది శేషాన్ని బిట్టు పోకుండా దాస్తుంది. విప్పితే అసలు అసలుగానే వస్తుంది. చోటు ఎక్కువ తింటుందన్న అభ్యంతరం ఒకప్పుడు న్యాయమే. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసంగా కోరేది సెకనుకి 48 వేల కొలతలు, కొలతకి 24 బిట్లు. అసలేమీ కుదించకపోయినా ఒక మైకుతో గంటకి 518 ఎంబీ. 128 జీబీ కార్డులో 240 గంటలు పడుతుంది. ఇంతకు ముందే వాయిస్ మెసేజ్‌లుగా చేరినవాటిని పారేయమనడం లేదు. ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచండి, ఇంకో ఫార్మాట్‌లోకి మార్చి మళ్లీ కుదించకండి. ఇక మీదట అమ్మమ్మ మాటైనా, హరికథైనా, రేకు తీసే చప్పుడైనా రికార్డర్ యాప్ సెట్టింగ్స్‌లో కుదింపు లేని వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఎంచుకుని తీయండి. పంపాల్సి వస్తే వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి.