ప్రసారమాధ్యమం – గ్రామీణతా నిర్మాణం: డబ్ల్యు.ఎస్.ఎం. రేడియో కేంద్రం

అమెరికా కంట్రీ సంగీతం పల్లె జీవనం నుండి సహజంగా వెలువడిందనీ, రేడియో దానిని కేవలం ప్రచారం చేసిందనీ ఒక అభిప్రాయం ఉంది. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరానికి చెందిన డబ్ల్యు.ఎస్.ఎం. కేంద్రం చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు.

1925 అక్టోబరు 5న ఈ కేంద్రాన్ని నెలకొల్పినది ఒక బీమా సంస్థ. ఆ సంస్థ నినాదంలోని ఆంగ్ల పదాల తొలి అక్షరాలే కేంద్రానికి పేరయ్యాయి. ఆ ఏడాది నవంబరులో మొదలైన శనివారపు కార్యక్రమానికి వ్యాఖ్యాత జార్జ్ డి. హే 1927లో 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అని నామకరణం చేశాడు. నాగరికుల ఆపెరాను చమత్కరించే పేరది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన హంఫ్రీ బేట్ బృందం ఆయన చేతిలో 'పాసమ్ హంటర్స్' అయింది. వైద్యుని బృందానికి వేటగాళ్ల పేరు తగిలించడంలోనే గ్రామీణత కల్పితమైన తీరు స్పష్టమవుతుంది.

ఈ కల్పనలో అందరికీ సమానస్థానం దక్కలేదు. నామకరణం జరిగిన రాత్రి మౌతార్గాన్ వాయించిన నల్లజాతి కళాకారుడు డిఫోర్డ్ బెయిలీని కేంద్రం 1941లో తొలగించింది. అప్పటి పాటల హక్కుల వివాదం కారణంగా ఆయన తన ప్రసిద్ధ బాణీలను ప్రసారంలో వాయించే వీలు లేకపోయింది. హే మాత్రం 1945లో వెలువరించిన రచనలో ఆయన సోమరితనాన్ని, జాతిని ముడిపెట్టి కారణంగా చూపాడు. కంట్రీ సంగీత గౌరవపీఠంలో బెయిలీకి స్థానం లభించినది 2005లో, మరణించిన 23 ఏళ్లకు.

కనుక రేడియో ప్రసారాలను జానపద ఆకరాలుగా గ్రహించే పరిశోధకులు, తెలుగువారితో సహా, ప్రసారకర్తల ఎంపికనూ తొలగింపులనూ ఆకరవిమర్శలో భాగం చేయవలసి ఉంటుంది.