నిజం కాకూడదని పలికే మాట

నీనెవెలో యోనా చేసిన ప్రసంగం హీబ్రూలో 5 మాటలే. 40 రోజుల్లో నగరం నాశనమవుతుందన్నాడు, అంతే. పాపం ఒప్పుకోమని అనలేదు, దేవుడు క్షమిస్తాడని ఆశ పెట్టలేదు. అయినా ఊరంతా గోనెపట్ట కట్టుకుంది. రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా మేతా నీళ్లూ ఆపేశారు. నగరం కూలలేదు.

మరి ప్రవక్త మాట తప్పిపోయినట్టా? యోనా వాడిన హీబ్రూ క్రియకు తలకిందులవడం అనీ, మారిపోవడం అనీ రెండర్థాలూ ఉన్నాయి. నీనెవె మారింది. నాశనం చేస్తానన్న జనం చెడుతనం విడిచిపెడితే తానూ మనసు మార్చుకుంటానని కుమ్మరి ఇంటి దగ్గర దేవుడు యిర్మీయాకు చెప్పింది కూడా ఇదే. బైబిల్ హెచ్చరికను జోస్యంగా చదివేవాళ్లు ఆ 40 రోజుల గడువు గురించి ఆలోచించాలి. శిక్షించడమే ఉద్దేశమైతే గడువెందుకు?

వినేవాడి గుండెలోకి దిగడానికి ప్రవక్తలకు తెలిసిన దారులున్నాయి. తెకోవ కాపరి ఆమోసు ఇశ్రాయేలీయులతో మాట్లాడుతూ మొదట దమస్కు మీద తీర్పు చెబుతాడు. తర్వాత గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. ఇరుగుపొరుగు వాళ్ల పాపాల చిట్టా విప్పుతుంటే ఎవరికి వినబుద్ధి కాదు? ఏడోది సాటి యూదా. ఎనిమిదో పేరు వింటున్నవాళ్లదే. అంతసేపూ తలలూపినవాళ్లు అప్పుడు ఎలా కాదంటారు?

నాకు మాత్రం హెబ్రీ పత్రిక ఎక్కువ దగ్గర. అందులో గట్టి హెచ్చరికలు ఐదని పండితులు సాధారణంగా లెక్కిస్తారు. మొదటిది కొట్టుకుపోవడం గురించి. కట్టు ఊడిన పడవను ఎవరూ తొయ్యక్కర్లేదు, నీళ్లే తీసుకుపోతాయి. విశ్వాసమూ చాలామందిలో అలాగే జారుతుంది, ఈ ఆదివారం ఆరాధన మానేసి, రేపు చేద్దాంలే అని ప్రార్థన వాయిదా వేసి. ఆరో అధ్యాయానికి వచ్చేసరికి స్వరం వణుకు పుట్టిస్తుంది. తప్పిపోయినవాళ్లను మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమంటాడు రచయిత. అది చదివి, ఇక నా పని అయిపోయిందని లోలోపల కుమిలిపోయే విశ్వాసులున్నారు. వాళ్లు అక్కడ ఆగకుండా ఇంకొన్ని వచనాలు చదవాలని నా మనవి. వెంటనే ఆయన "ప్రియులారా" అంటాడు. గ్రీకు మూలంలో, పత్రిక మొత్తం మీద ఆ పిలుపు అక్కడొక్కచోటే ఉంది. అదే అధ్యాయం చివర్లో లంగరు కనిపిస్తుంది. కొట్టుకుపోయే పడవకు కావలసింది అదే.

రోజూ ఒకరికొకరు బుద్ధి చెప్పుకోమంటుంది మూడో అధ్యాయం. ఆ గ్రీకు క్రియకు ఓదార్చడం అనే అర్థం కూడా ఉంది. ప్రసంగ వేదిక మీద నరకాన్ని వర్ణించి, తప్పించుకునే దారి చూపకుండా దిగిపోతే దాన్ని బెదిరింపు అనాలి.

నగరం బతికిపోయిందని యోనాకు కోపమొచ్చింది. ఊరికి తూర్పున పందిరి వేసుకుని కూర్చున్నాడు. నీడనిచ్చిన చెట్టు ఎండిపోతే చావే మేలన్నాడు. కుడి ఎడమలు తెలియని 1,20,000 మందికి పైగా మనుషులూ, ఎన్నో పశువులూ ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడిగాడు. యోనా ఏమన్నాడో గ్రంథంలో లేదు.