చాటున వినే శ్రోత: బహుళ ఆంటెన్నాల రహస్య ప్రసార సిద్ధాంతం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైర్‌లెస్ ప్రసారాల్లో సందేశం పరాయి చెవిన పడకుండా కాపాడే మార్గాల్లో భౌతికస్తర భద్రత ఒకటి. గూఢలిపి మీద కాక, సంకేతం ప్రయాణించే మార్గ స్వభావం మీద ఆధారపడడం దీని ప్రత్యేకత. ఈ సిద్ధాంతం చాటున వినేవానిని ఏ విధంగా ఊహించుకుంది, ఆ ఊహ మీద దాని నిర్ధారణలు ఎంతవరకు నిలుస్తాయి అన్న ప్రశ్నలను మన కథాసాహిత్యంలోని మూడు ఘట్టాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. పారిభాషిక పదాల ఎంపిక కూడా ఇందులో చర్చకు వస్తుంది.

కీలకపదాలు: భౌతికస్తర భద్రత, బహుళ ఆంటెన్నాలు, చాటుశ్రోత, రొద, రహస్యం, పరిభాష.

1. ఉపోద్ఘాతం:
గోడలకు చెవులుంటాయన్నది సామెత. వైర్‌లెస్ ప్రసారానికి ఆ గోడ కూడా పూర్తి అడ్డు కాదు. ఆంటెన్నా నుండి వెలువడిన తరంగం ఉద్దేశించిన గ్రహీతను చేరినట్లే, పరిధిలో ఉన్న ఇతరులనూ చేరుతుంది. చాటున వినేవానికి ఆంగ్లంలో ఉన్న పేరు ఇంటి చూరుకు సంబంధించినది. చూరు కింద నిలబడి లోపలి మాటలు వినేవాడని దాని మూలార్థం. శాస్త్రగ్రంథాల్లో ఈ పాత్రకు ‘ఈవ్’ అని పేరు పెట్టారు. ఆంగ్లంలోని ఆ పదపు తొలి ధ్వనే ఇక్కడ స్త్రీ పేరుగా మారింది. తెలుగులో ఆ పేరును యథాతథంగా తెచ్చుకుంటే శ్లేష పోయి, నిందితురాలు మాత్రం మిగులుతుంది. శాస్త్రరచనలోనూ పాత్రచిత్రణ ఉంటుందని, దానిని విమర్శ దృష్టితో చదవవచ్చని గుర్తించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

2. విన్నా బోధపడని మాట:
1949లో క్లాడ్ షానన్ రహస్య ప్రసారాలకు గణిత పునాది వేశాడు. గూఢలిపిలో ఉన్న సందేశం శత్రువుకు పూర్తిగా, తప్పు లేకుండా అందుతుందన్నది ఆయన ఊహ. ఆ స్థితిలో సంపూర్ణ రహస్యం సాధించాలంటే ముందుగా పంచుకున్న తాళంచెవి కనీసం సందేశమంత పెద్దదిగా ఉండాలని నిరూపించాడు.

మహాభారతం ఆదిపర్వంలో వారణావతానికి బయలుదేరిన ధర్మరాజుకు విదురుడు చేసిన హెచ్చరిక ఈ కోవకు చెందినది. లోహంతో చేయని ఆయుధం గురించి, కలుగులో దాగి నిప్పును తప్పించుకునే జీవి గురించి అతడు నిగూఢంగా చెప్పాడు. మాటలు కుంతి చెవిన పడ్డాయి, భావం అందలేదు. తరువాత కుమారుడు వివరిస్తేనే ఆమెకు తెలిసింది. ఇక్కడ రక్షణ శబ్దంలో లేదు, చెప్పినవానికీ విన్నవానికీ ఉన్న ఉమ్మడి జ్ఞానంలో ఉంది.

మరొక విషయం గమనించదగినది. కుంతి శత్రువు కాదు. ఆ సందేశం ఉద్దేశించని శ్రోత మాత్రమే. 1978లో చిసార్, కోర్నర్ ప్రతిపాదించిన నమూనాలోనూ ఇద్దరు గ్రహీతలు ఉంటారు; ఉమ్మడి సందేశం ఇద్దరికీ చేరాలి, రహస్య సందేశం ఒకరికే చేరాలి. రెండవవాడు అదే వ్యవస్థలోని సాధారణ వినియోగదారుడు కావచ్చు. కనుక ‘దొంగచాటుగా వినేవాడు’ అన్న అనువాదం శాస్త్రం చేయని నేరారోపణను చేస్తుంది. ‘చాటుశ్రోత’ అన్న పదం ఇంతకంటె తటస్థమైనది.

3. కనిపించని శ్రోత:
1975లో ఆరన్ వైనర్ షానన్ ఊహను సడలించాడు. చాటుశ్రోతకు అందే సంకేతం గ్రహీతకు అందేదానికంటె ఎక్కువ రొదతో కలుషితమై ఉంటే, ముందుగా తాళంచెవి పంచుకోకుండానే రహస్యం సాధ్యమని చూపాడు. సహజమైన రొద ఉన్న సాధారణ నమూనాలో గ్రహీత ఛానల్ సామర్థ్యం నుండి చాటుశ్రోత ఛానల్ సామర్థ్యాన్ని తీసివేయగా మిగిలేదే రహస్యంగా పంపగల రేటు. వైనర్ తన నమూనాకు తీగను ట్యాప్ చేయడాన్ని సూచించే పేరు పెట్టాడు. తీగ లేని ప్రసారాల చర్చలోనూ నేటికీ ఆ పేరే కొనసాగడం పరిభాష చరిత్రలో ఒక విచిత్రం.

అయితే చాటుశ్రోత ప్రసారిణికి దగ్గరగా ఉంటే ఆ తీసివేతలో ఏమీ మిగలదు. బహుళ ఆంటెన్నాల అవసరం ఇక్కడ కలుగుతుంది. 2008లో గోయెల్, నేగి ప్రతిపాదించిన పద్ధతిలో ప్రసారిణి సందేశంతో పాటు కృత్రిమమైన రొదను కూడా పంపుతుంది. ఆ రొద గ్రహీత ఆంటెన్నా వద్ద తనను తాను రద్దు చేసుకునేలా, ఇతర చోట్ల మిగిలేలా అమరుస్తారు. చాటుశ్రోత ఎక్కడ ఉన్నాడో తెలియనవసరం లేకపోవడం దీని గొప్పతనం.

కథాసరిత్సాగరంలో శివుడు పార్వతికి ఎవరూ వినని కథలు చెప్పేటప్పుడు ద్వారం వద్ద నంది ఉన్నాడు. పుష్పదంతుడు యోగబలంతో అదృశ్యంగా లోపలికి వెళ్లి విన్నాడు. అతడు తన భార్య జయకు చెప్పి, ఆమె పార్వతి ఎదుట ఆ కథలు చెప్పినప్పుడే రహస్యభంగం బయటపడింది. మౌనంగా వినేవాడు ఏ తరంగాన్నీ వెలువరించడు. అందుచేత అతని జాడ తెలియదు.

ఈ సిద్ధాంతంలోని బలహీనత కూడా ఇక్కడే ఉంది. గ్రహీతకు ఒకే ఆంటెన్నా ఉన్న నమూనాను ఖిస్తీ, వోర్నెల్ విశ్లేషించారు. ఆంటెన్నాల సంఖ్య బాగా పెరిగిన స్థితిలో, చాటుశ్రోత వద్ద ప్రసారిణికి రెట్టింపు ఆంటెన్నాలుంటే రహస్య సామర్థ్యం సున్నాకు చేరగలదని వారు చూపారు. పలువురు చాటుశ్రోతలు కూడబలుక్కుంటే వారి ఆంటెన్నాలన్నీ ఒక్కరివైనట్లే. కనిపించని వాని ఆంటెన్నాలను లెక్కించడం ఎలా? సిద్ధాంతం సత్యమే, దానిని వర్తింపజేయడానికి కావలసిన ఒక సంఖ్య మాత్రం మన చేతిలో లేదు. అర తరంగదైర్ఘ్యం దూరం (2.4 గిగాహెర్ట్జ్ వద్ద సుమారు 6 సెంటీమీటర్లు) దాటితే ఛానల్ మారిపోతుందన్న వాదన కూడా తరంగాలు అన్ని దిశల నుండి చెదరి వచ్చే చోట్లకే బాగా వర్తిస్తుంది. ప్రసారిణి నేరుగా కనిపించే చోట అది నమ్మదగినది కాదు.

4. పంక్తిలో కూర్చున్న శ్రోత:
ప్రసారిణికి గ్రహీత ఛానల్ ఎలా తెలుస్తుంది? అనేక వ్యవస్థల్లో గ్రహీత ముందుగా ఒక పరిచిత పైలట్ సంకేతం పంపుతాడు. దాని ఆధారంగా ప్రసారిణి తన కిరణపుంజాన్ని అటు మళ్లిస్తుంది. చాటుశ్రోత కూడా అదే సమయంలో అదే సంకేతం పంపితే అంచనా కలుషితమై, పుంజంలో కొంత భాగం అతని వైపు మళ్లుతుంది. ఈ దాడిని 2012 నాటి పరిశోధన చర్చించింది. అమృతం పంచేటప్పుడు దేవతల పంక్తిలో దేవరూపంతో కూర్చున్న రాహువు చేసినది ఇదే. సూర్యచంద్రులు చెప్పకపోతే పంచే చేతికి అనుమానం రాలేదు. ఆంటెన్నాలు పెంచినంత మాత్రాన ఈ సమస్య తీరదు. తప్పు దిశలో పుంజం మరింత సూటిగా వెళ్లే ప్రమాదమూ ఉంది. పంక్తిలో ఉన్నది ఎవరో నిర్ధారించడం రహస్యానికి ముందు జరగవలసిన పని.

5. ముగింపు:
పోలికలకు పరిమితి ఉంది. పురాణకథల్లో రహస్యభంగం శాపానికో శిక్షకో దారితీస్తుంది. ప్రసార సిద్ధాంతంలో అది ఒక రేటు తగ్గుదల మాత్రమే. అయినా ఈ మూడు కథలు ముగ్గురు వేరువేరు శ్రోతలను మన ముందు నిలుపుతాయి: విన్నా గ్రహించలేని వ్యక్తి, కనిపించకుండా వినేవాడు, అర్హుని వేషంలో వచ్చేవాడు. ‘భద్రత’ అన్న ఒకే మాట ఈ మూడింటికీ ఒకే అర్థంలో చెల్లదు. ఒకరిని ఆపే ఉపాయం మరొకరికి అడ్డు కాదు. కనుక భౌతికస్తర భద్రత గూఢలిపికి ప్రత్యామ్నాయం కాదు, దానికి తోడు మాత్రమే. తెలుగులో ఈ విషయాన్ని బోధించేవారు, రాసేవారు ‘ఈ పద్ధతి సురక్షితం’ అని వాక్యం ముగించకుండా, ఏ శ్రోత నుండి, ఏ ఊహ మీద సురక్షితమో అదే వాక్యంలో చెప్పాలి. తన సంభాషణకు రక్షణ ఉందని నమ్మే సామాన్య వినియోగదారునికి పరిభాష చేయగల మేలు అదే.