ఒకే అడవి, రెండు సినిమాలు

1932లో వచ్చిన ‘ది మోస్ట్ డేంజరస్ గేమ్’ గంట పైచిలుకు సినిమా. దీవికి కొట్టుకొచ్చిన మనుషుల్ని కౌంట్ జారోఫ్ సరదాకి వేటాడతాడు. భయపెట్టేది అతను, మెచ్చుకోవాల్సింది మాత్రం సెట్టు కట్టిన వడ్రంగుల్ని.

అది ‘కింగ్ కాంగ్’ కోసం వేసిన అడవే. లోయ మీద అడ్డంగా పడ్డ మాను రెండింట్లోనూ కనిపిస్తుంది. ప్రాణభయంతో పరుగెత్తే నటి ఫే రే కూడా రెండింట్లోనూ ఉంది! నిజం అడవిలో తిరిగినవాళ్లకి ఆ తీగలు, పొగమంచు కాస్త అతిగానే అనిపిస్తాయి. అయినా వేటకుక్కలు మొరిగేసరికి కాళ్లు పైకి ముడుచుకుంటాం.

ఇలాంటి పొదుపు మన దర్శకుడు విఠలాచార్యకి వెన్నతో పెట్టిన విద్య. ‘జగన్మోహిని’ (1978)లో దయ్యం కట్టెలకి బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. హాల్లో పిల్లలు కళ్లు మూసుకుని, వేళ్ల సందుల్లోంచి చూసేవాళ్లు.