మెదడుకు స్వల్ప విద్యుత్ ఉద్దీపన: మూడు ప్రయోగాల విమర్శనాత్మక పరిశీలన

1. పరిచయం

మానసిక వ్యాధులకు చికిత్స అనగానే మీకు మందులు, మాటల చికిత్స గుర్తుకు వస్తాయి. ఇటీవల మూడో మార్గం గురించి కూడా వింటున్నాం. పుర్రె తెరవకుండా, మత్తు ఇవ్వకుండా, తలమీద రెండు ఎలక్ట్రోడులు అమర్చి స్వల్ప విద్యుత్తును పంపడమే ఆ మార్గం. దీన్ని ట్రాన్స్‌క్రేనియల్ డైరెక్ట్ కరెంట్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా టీడీసీఎస్ అంటారు. కొందరు దీన్ని అద్భుతం అంటారు, కొందరు బూటకం అని కొట్టిపారేస్తారు. ఈ రెండు మాటల్లో ఏదీ ఆధారాలకు సరిపోదని ఈ భాగంలో చూస్తాం. కుంగుబాటుపై జరిగిన మూడు ప్రయోగాలను ఉదాహరణగా తీసుకుందాం.

2. ఇది 'కరెంటు షాకు' కాదు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. 1938లో రోమ్ నగరంలో చెర్లెట్టి, బీని ప్రారంభించిన ఈసీటీ వేరు, ఇది వేరు. ఈసీటీలో వందల మిల్లీ ఆంపియర్ల విద్యుత్తుతో మెదడులో మూర్ఛను కలిగిస్తారు. తీవ్రమైన కుంగుబాటుకు అది నేటికీ శక్తివంతమైన చికిత్సే. టీడీసీఎస్‌లో సాధారణంగా వాడేది 2 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. మూర్ఛ రాదు, రోగి మెలకువగానే ఉంటాడు. ఈ విద్యుత్తు నాడీకణాన్ని నేరుగా ప్రేరేపించదు. స్పందించడానికి దానికున్న సంసిద్ధతను కొద్దిగా పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలస్ 2000లో ప్రచురించిన పరిశోధన ఈ మార్పును మానవులలో కొలిచి చూపింది. అయితే మెదడులో మార్పు కొలవగలిగినంత మాత్రాన వ్యాధి తగ్గుతుందని రుజువైనట్లు కాదు. ఆ రెండో మాటకు వేరే ఆధారం కావాలి.

3. మొదటి ప్రయోగం: ఒకే లెక్క, రెండు శీర్షికలు

బ్రెజిల్‌లో బ్రునోని బృందం 245 మందిపై జరిపిన ప్రయోగం 2017లో వెలువడింది. ఒక వర్గానికి నిజమైన ఉద్దీపనతో పాటు ఉత్తుత్తి మాత్ర, రెండో వర్గానికి ఉత్తుత్తి ఉద్దీపనతో పాటు ఎస్సిటాలోప్రామ్ అనే మందు, మూడో వర్గానికి రెండూ ఉత్తుత్తివే ఇచ్చారు. 10 వారాల తర్వాత హామిల్టన్ కొలమానంలో తగ్గుదల మందు వర్గంలో 11.3, ఉద్దీపన వర్గంలో 9.0, ఉత్తుత్తి వర్గంలో 5.8 పాయింట్లు.

'ఉత్తుత్తి చికిత్స కంటే ఉద్దీపన మేలు' అని ఈ అంకెల నుంచి చెప్పవచ్చు. అది నిజమే. కానీ పరిశోధకులు వేసుకున్న ప్రధాన ప్రశ్న అది కాదు. మందు వల్ల వచ్చే అదనపు మేలులో కనీసం సగమైనా ఉద్దీపన ఇస్తుందా అన్నది వారి ప్రశ్న. మందు అదనపు మేలు 5.5, అందులో సగం 2.75. మందుకూ ఉద్దీపనకూ మధ్య తేడా 2.3గా కనిపించినా, గణాంక అనిశ్చితిని లెక్కలోకి తీసుకుంటే అది 4.3 వరకు ఉండవచ్చు. కాబట్టి 'మందుకు తీసిపోదు' అని రుజువు కాలేదు. మొదటి వాక్యాన్ని మాత్రమే అచ్చువేసి, రెండోది వదిలేసే ప్రకటన అబద్ధం చెప్పదు, కానీ పాఠకుణ్ని తప్పుదారి పట్టిస్తుంది. ఉద్దీపన వర్గంలో ఇద్దరికి కొత్తగా ఉన్మాద స్థితి కలిగిందన్న విషయం కూడా వదిలిపెట్టదగినది కాదు.

4. రెండో, మూడో ప్రయోగాలు

జర్మనీలోని 8 ఆసుపత్రులలో 160 మందిపై జరిగిన ప్రయోగం 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వీరంతా అప్పటికే కుంగుబాటు మందు వాడుతున్నవారు. 6 వారాల తర్వాత నిజమైన ఉద్దీపన పొందినవారిలో తగ్గుదల 8.2, ఉత్తుత్తి ఉద్దీపన వర్గంలో 8.0. అంటే తేడా లేనట్లే. దీన్నిబట్టి 2017 ఫలితం తప్పని తేల్చవద్దు. అక్కడి ప్రశ్న 'మందుకు బదులుగా' అయితే, ఇక్కడి ప్రశ్న 'మందుకు తోడుగా'. ప్రశ్నలు వేరైనప్పుడు జవాబులు వేరుగా ఉండవచ్చు.

2024లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన మూడో ప్రయోగంలో బ్రిటన్, అమెరికాలకు చెందిన 174 మంది, వీడియో పర్యవేక్షణతో, ఇంట్లోనే పరికరం వాడారు. 10 వారాలలో తగ్గుదల నిజమైన వర్గంలో 9.41, ఉత్తుత్తి వర్గంలో 7.14. తేడా గణాంకపరంగా నిలిచింది. కానీ మొత్తం మెరుగుదలలో నాలుగింట మూడొంతులు ఉత్తుత్తి వర్గంలోనూ కనిపించిందని గమనించండి. కాలం గడవడం, ఎవరో ఒకరు క్రమంగా పలకరించడం, నయమవుతుందన్న ఆశ, ఇవన్నీ అందులో ఉన్నాయి. పరికరం తయారుచేసే సంస్థే ఈ ప్రయోగానికి నిధులిచ్చింది. అందువల్ల ఫలితం చెల్లదని కాదు. సంబంధం లేనివారు మళ్లీ చేసి చూడాలని అర్థం. పైగా చర్మం చురుక్కుమనడం, ఎర్రబడడం వల్ల తమకు దక్కింది అసలుదో కాదో కొందరు పసిగట్టవచ్చు. ఈ రంగంలోని ప్రయోగాలన్నిటికీ ఉన్న చిక్కు ఇది.

5. మన నిర్ణయం

నా అభిప్రాయంలో టీడీసీఎస్ పరిశోధనకు అర్హమైన, కొందరికి కొంత మేలు చేసే అవకాశమున్న పద్ధతి. మందుకు ప్రత్యామ్నాయంగా మాత్రం అది ఇంకా నిరూపితం కాలేదు. ఈ తేడా పరీక్షలో మార్కులకు మాత్రమే కాదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో కుంగుబాటుతో ఉన్నవారు ప్రకటన చూసి, వైద్యుణ్ని అడగకుండా మందు మానేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు, ప్రాణాపాయమూ కలగవచ్చు. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారి విషయంలో ఏ పరికరం కోసమూ ఆగకూడదు. వెంటనే మానసిక వైద్యుణ్ని కలవాలి. ప్రభుత్వ టెలి-మానస్ సేవ 14416 నంబరులో లభిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'ఉత్తుత్తి చికిత్స కంటే మేలు', 'మందుకు తీసిపోదు' అన్న రెండు వాక్యాల మధ్య తేడాను 2017 ప్రయోగం ఆధారంగా వివరించండి.
2. ఈసారి ఏదైనా చికిత్స ప్రకటన చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి: దేనితో పోల్చారు? తేడా ఎంత? డబ్బు ఎవరిది? మీ జవాబులను అర పుటలో రాయండి.