కొరియా పాటలో కొత్త మలుపు: సో తైజీ బృందం తొలి ఆల్బమ్

కళకు సమకాలికులు ఇచ్చే తీర్పుకూ, కాలం ఇచ్చే తీర్పుకూ మధ్య అంతరం ఉండడం చరిత్రలో కొత్త విషయం కాదు. అయితే ఆ అంతరం ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా బయటపడిన సందర్భాలు మాత్రం అరుదు. 1992 ఏప్రిల్ 11న దక్షిణ కొరియాలో ఎం.బి.సి. టెలివిజన్ ప్రసారం చేసిన ఒక కార్యక్రమంలో ముగ్గురు యువకులు ఒక పాట పాడుతూ నర్తించారు. సంగీతరంగ ప్రముఖులతో కూడిన న్యాయనిర్ణేతల మండలి వారికి 10కి 7.8 మార్కులు వేసింది. ఆ కార్యక్రమపు అలవాటు ప్రకారం అది చాలా తక్కువ. కొద్ది వారాలలోనే ఆ పాట దేశమంతటా మారుమోగింది. పాట ఉన్న ఆల్బమ్ పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయింది.

ఆ బృందం పేరు 'సో తైజీ వా ఐదుల్'. కొరియన్ భాషలో 'వా' అంటే 'మరియు', 'ఐదుల్' అంటే 'పిల్లలు'. బృందం పేరుతోనే 1992 మార్చి 23న వెలువడిన తొలి ఆల్బమ్ ఈ వ్యాసానికి విషయం. నేడు ప్రపంచమంతటా వ్యాపించిన కొరియన్ పాప్ సంగీతానికి మూలాలు వెతికేవారు తప్పనిసరిగా ఈ ఆల్బమ్ దగ్గర ఆగుతారు. కాని దీనిని ఒక విజయగాథకు మొదటి పుటగా మాత్రమే చూస్తే దీని అసలు స్వభావం మరుగునపడుతుంది. ఇది ఏమి సాధించింది, ఏమి సాధించలేకపోయింది, దీనిని కొలిచిన కొలబద్దలు ఎక్కడ పొరబడ్డాయి అనే ప్రశ్నలు సాంస్కృతిక పరిపాలనతో సంబంధం ఉన్నవారికి ఈనాటికీ అవసరమైనవే.

ముందుగా నేపథ్యం. 1950-53 యుద్ధం తరువాత కొరియాలో నిలిచిపోయిన అమెరికన్ సైనిక శిబిరాల వేదికలే అక్కడి ఆధునిక సంగీతకారులకు పాఠశాలలయ్యాయి. ఆ వేదికలపై గిటారు వాయించి ఎదిగినవాడు షిన్ జుంగ్ హ్యోన్. కొరియన్ రాక్ సంగీతానికి పితామహుడని ఆయనకు పేరు. సైనిక పాలకుడు పార్క్ చుంగ్ హీ హయాంలో, 1975 నాటి అత్యవసర ఉత్తర్వుల నీడలో, పెద్ద సంఖ్యలో పాటలు నిషేధానికి గురయ్యాయి. షిన్ పాటలు, కిమ్ మిన్ గి 1971లో వెలువరించిన 'ఆచిమ్ ఇసుల్' (ఉదయపు మంచు) వాటిలో ఉన్నాయి. ఆ ఏడాది చివరలోనే షిన్‌ను మాదకద్రవ్యాల అభియోగంపై అరెస్టు చేశారు. 1987 జూన్ ప్రజాఉద్యమం తరువాత అనేక నిషేధాలు తొలగాయి. అయినప్పటికీ, పాటలోని మాటలను విడుదలకు ముందే పరిశీలించి ఆమోదించే అధికారం 'ప్రదర్శనల నైతికతా సంఘం' చేతిలోనే ఉండిపోయింది. మనం చర్చిస్తున్న ఆల్బమ్ కూడా ఆ సంఘం ఆమోదం పొందిన తరువాతనే అంగడికి వచ్చిందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

సో తైజీ 1972లో జన్మించాడు. అసలు పేరు జంగ్ హ్యోన్ చోల్. ఉన్నత పాఠశాల చదువు మధ్యలోనే మానివేసి 'సినావి' అనే హెవీ మెటల్ బృందంలో బేస్ గిటారు వాయించాడు. ఆ బృందానికి నాయకుడు షిన్ దే చోల్. ఆయన షిన్ జుంగ్ హ్యోన్ కుమారుడే. అంటే 1975లో రాజ్యం ఎవరి గొంతు నొక్కిందో ఆ ఇంటి నుంచే ఈ కొత్త గొంతుకు శిక్షణ లభించింది. నిషేధాలు పాటలను ఆపగలవేమో గాని, విద్య ఒకరి నుంచి మరొకరికి అందడాన్ని ఆపలేవని చెప్పడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

మిగిలిన ఇద్దరు, యాంగ్ హ్యోన్ సుక్, లీ జునో, ప్రధానంగా నర్తకులు. పాటల రచన, స్వరకల్పన, వాద్య సమ్మేళనం సో తైజీ ఒక్కడే నిర్వహించాడు. అప్పటికి కొత్తగా అందుబాటులోకి వస్తున్న 'మిడి' పరికరాల సహాయంతో వాద్యాలను ఒంటరిగా కూర్చుకున్నాడు. దీని ప్రాముఖ్యాన్ని కొంత వివరించాలి. అంతవరకు కొరియాలో గాయకుడి భవిష్యత్తు టెలివిజన్ సంస్థల దయాదాక్షిణ్యాలపై ఆధారపడి ఉండేది. పాట ఒకరిది, వాద్యబృందం సంస్థది, నృత్యబృందం కూడా సంస్థదే. గాయకుడు వచ్చి పాడిపోవాలి. సో తైజీ బృందం పాటనూ, వాద్యాన్నీ, ఆటనూ తమ చేతిలోనే ఉంచుకుంది. ఒక ఆల్బమ్‌కూ మరొక ఆల్బమ్‌కూ మధ్య తెరమీది నుంచి తప్పుకొని, కొత్త పాటలు సిద్ధమైన తరువాతనే తిరిగి రావడం కూడా వారు పాటించిన పద్ధతి. సృజనకారుడికి తన పని మీద తనకే అధికారం ఉండాలన్నది ఈ ఆల్బమ్ చేసిన మొదటి ప్రకటన. ఆ ప్రకటన ఏ పాటలోనూ మాటల్లో లేదు. ఆల్బమ్ తయారైన తీరులో ఉంది.

ఇక పాటల విషయానికి వద్దాం. ఆల్బమ్‌కు పేరు తెచ్చిన 'నాన్ ఆరాయో' (నాకు తెలుసు) ఒక వియోగగీతం. ప్రియురాలు తనను విడిచి వెళ్లనున్నదని గ్రహించిన యువకుడి వేదన అందులోని వస్తువు. ఇందులో విప్లవం ఏదీ లేదు. కొత్తదనమంతా నిర్మాణంలో ఉంది. న్యూ జాక్ స్వింగ్ అనే అమెరికన్ నృత్యలయ మీద ర్యాప్ పద్ధతిలో మాటలు వేగంగా సాగుతాయి. మధ్యలో హెవీ మెటల్ గిటారు గర్జిస్తుంది. పల్లవి దగ్గరకు వచ్చేసరికి పాట మెత్తబడి, కొరియన్ శ్రోతకు చిరపరిచితమైన విషాదరాగంలోకి దిగుతుంది. బింకంగా మాట్లాడుతున్న కుర్రవాడు ఒక్కసారిగా కంటతడి పెట్టినట్లుంటుంది. మాటకూ పాటకూ మధ్య ఉన్న ఈ మలుపులోనే దాని బలం ఉంది.

భాషా విషయకంగా ఒక అంశం తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. తెలుగు వలెనే కొరియన్ భాషలో కూడా క్రియ వాక్యాంతంలో వస్తుంది. ప్రత్యయాలు ఒకదాని వెంట ఒకటి చేరుతాయి. ఇటువంటి భాషలో అంత్యప్రాస కుదర్చడం కష్టం కాదు, అతి సులభం. ప్రతి వాక్యమూ ఒకే ప్రత్యయంతో ముగుస్తుంది గనుక ఆ ప్రాసకు రుచి ఉండదు. కొరియన్ సంప్రదాయ పద్యమైన 'సిజో' అంత్యప్రాసపై కాక, మూడు పంక్తులలో అక్షర సముదాయాల పొందిక మీద ఆధారపడింది. ప్రాస మీద నిలిచిన ఆంగ్ల ర్యాప్‌ను ఇటువంటి భాషలోకి తేవడం ఎలా అన్నది ఆనాటి సమస్య. 1989లో హాంగ్ సో బమ్, 1990లో హ్యోన్ జిన్ యంగ్ వంటివారు అప్పటికే ఈ దారిలో ప్రయత్నించారు. సో తైజీ మాటలను పొట్టి తునకలుగా విరిచి, ఒకే పదాన్ని మళ్లీ మళ్లీ పలికించి, ప్రాసకు బదులుగా ఊనికతో పని జరిపించాడు. పరాయి రూపానికి స్వభాషను లొంగదీయకుండా, స్వభాషకు ఆ రూపాన్ని వంచిన పని ఇది.

మరొక సూక్ష్మాంశం కూడా గమనార్హం. 'ఆరాయో' చివరనున్న 'యో' గౌరవసూచకం. మనం 'తెలుసండీ' అన్నప్పుడు చేర్చే 'అండీ' వంటిది. పెద్దలు అల్లరిగా భావించిన ఆ పాట శీర్షికలోనే మర్యాద వినిపిస్తుంది. పాట లోపల కొన్నిచోట్ల మాట చనువులోకి జారుతుంది, మళ్లీ గౌరవంలోకి వస్తుంది. ప్రేయసి దగ్గరి మనిషా, దూరమవుతున్న మనిషా అన్న సందిగ్ధం ఆ ప్రత్యయాల రాకపోకలలోనే ధ్వనిస్తుంది. వేషం, వేగం చూసి కలవరపడిన శ్రోతలు ఈ సంగతిని అంతగా పట్టించుకున్నట్లు లేదు.

కొరియాలోని పాన్సోరి కథాగానంలో మాటా, పాటా ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. మన హరికథలోనూ, బుర్రకథలోనూ ఉన్న పద్ధతే అది. దీన్ని ఆధారం చేసుకొని కొరియన్ ర్యాప్‌కు మూలం పాన్సోరి అని వాదించడానికి అవకాశం ఉంది. ఆ వాదం జాతీయాభిమానానికి తృప్తినిచ్చేదే గాని, ఈ ఆల్బమ్ విన్నవారు దానితో ఏకీభవించడం కష్టం. ఇక్కడి ర్యాప్ అమెరికా నుంచి వచ్చింది, వచ్చినట్లు దాచుకోనూ లేదు. దేశీయ వాద్యానికి సో తైజీ చేరువైనది 1993 నాటి రెండవ ఆల్బమ్‌లో. 'హయోగా' అనే పాటలో మన సన్నాయికి దగ్గరి చుట్టమైన 'తేప్యంగ్సో' మెటల్ గిటారు పక్కన మోగింది. తొలి ఆల్బమ్ ఘనతను చెప్పడానికి లేని ప్రాచీనతను అంటగట్టనవసరం లేదు.

లోపాలను కూడా నిష్పాక్షికంగా చెప్పాలి. 'నాన్ ఆరాయో' లయ మిలీ వనిలీ బృందపు పాటను పోలి ఉందన్న విమర్శ ఉంది. లయవిన్యాసం వరకు ఆ విమర్శను పూర్తిగా తోసిపుచ్చలేము. 'రాక్ ఎన్ రోల్ డాన్స్' పాట ఏసీ/డీసీ బృందం 'బ్యాక్ ఇన్ బ్లాక్' గిటారు పలుకును యథాతథంగా తీసుకొని దానిపై నిలబడింది. ఆ పలుకును తీసివేస్తే మిగిలేది స్వల్పం. 'ఇజేనున్' వంటి మందగతి ప్రేమగీతాలు ఆనాటి సగటు గీతాలను దాటిపోలేదు. మాటల మధ్య పొదిగిన ఆంగ్ల పదాలు చాలాచోట్ల అర్థానికి కాక అలంకారానికే పనికివచ్చాయి. 'హ్వాన్సాంగ్ సోగే కుదే' (భ్రమలోని నీవు) ఒక్కటే దీనికి మినహాయింపుగా నిలుస్తుంది. ఊహల్లో కాలం గడిపే యువకుడిని తట్టిలేపి, చేతిలో ఉన్న క్షణాన్ని వదులుకోవద్దని హెచ్చరించే పాట అది. తరువాతి ఆల్బమ్‌లలో వినిపించిన సామాజిక స్వరానికి బీజం ఇక్కడే ఉంది. 1994లో విద్యావిధానాన్ని ఎండగట్టిన 'క్యోసిల్ ఐడియా', ప్రాచీన రాజ్యం పేరుతో దేశ పునరేకీకరణను స్వప్నించిన 'పల్హేరుల్ కుమ్కుమ్యో' ఈ బీజం నుంచి మొలిచినవే.

ఈ లోపాలన్నిటినీ లెక్కవేస్తే 10కి 7.8 మార్కులు అన్యాయమేమీ కాదని కొందరు అనవచ్చు. ఇక్కడే అసలు ప్రశ్న ఉంది. ఆనాటి కొలబద్ద రాగమాధుర్యాన్నీ, సాహిత్య సౌష్ఠవాన్నీ కొలవగలిగింది. కొత్త తరం తన శరీరంతో, తన వేగంతో మాట్లాడుతున్నదని కొలవడానికి ఆ బద్ద మీద గుర్తులే లేవు. నైతికతా సంఘం పరిస్థితి కూడా ఇంతే. అది మాటలను చదివింది. వియోగగీతంలో అభ్యంతరకరమైనది కనిపించలేదు, ముద్ర వేసింది. మార్పు మాటల్లో కాక లయలో, అధికార సంబంధాలలో దాగి ఉందని కాగితాన్ని చదివేవారికి తెలిసే వీలు లేదు.

కాగితంపై ఘర్షణ తరువాత వచ్చింది. 1995 నాటి నాలుగవ ఆల్బమ్‌లోని 'సిదే యుగామ్' పాటలో కొన్ని మాటలను మార్చమని సంఘం కోరింది. సో తైజీ మాటలను మార్చలేదు. మొత్తం తీసివేసి, వాద్యసంగీతాన్ని మాత్రమే విడుదల చేశాడు. ఆ నిశ్శబ్దం ఏ మాటకన్నా గట్టిగా వినిపించింది. అభిమానులు నిరసన తెలిపారు. 1996 జూన్‌లో పాటల ముందస్తు పరిశీలన రద్దయింది. అయితే ఈ విజయాన్ని ఒక్క సో తైజీ ఖాతాలో వేయడం చరిత్రకు న్యాయం కాదు. జంగ్ తే చూన్ అనే జానపద గాయకుడు 1990లోనూ, 1993లోనూ సంఘం అనుమతి లేకుండానే ఆల్బమ్‌లు వెలువరించి, అభియోగాలను ఎదుర్కొని, రాజ్యాంగ న్యాయస్థానం వరకు పోరాడాడు. 1996 అక్టోబరు 31న ఆ న్యాయస్థానం పాటల ముందస్తు పరిశీలన రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. లక్షలమంది శ్రోతలున్న గాయకుడి వెనుక, అంతమంది లేని గాయకుడి దీర్ఘకాల పోరాటం ఉంది.

మన అనుభవం కూడా ఇందుకు భిన్నం కాదు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్నప్పుడు సినిమా పాటలు ఆకాశవాణిలో దాదాపు వినిపించకుండా పోయాయి. శాస్త్రీయ సంగీతాన్ని ప్రజలకు చేరువ చేయాలన్న ఆయన ఆశయం ఉన్నతమైనదే. ఆ విధానం వల్ల శాస్త్రీయ కళాకారులకు మేలు జరిగిన మాటా నిజమే. కాని శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభమయింది. అభిరుచిని పెంపొందించడం ప్రభుత్వం చేయదగిన పని. అభిరుచిని ఆజ్ఞాపించడం మాత్రం ప్రభుత్వం చేయగలిగిన పని కాదు.

కొరియా ప్రభుత్వం ఈ పాఠాన్ని కొంతవరకు నేర్చుకుంది. 1998లో అధికారానికి వచ్చిన కిమ్ దే జుంగ్ ప్రభుత్వం కళలకు తోడ్పడాలి గాని జోక్యం చేసుకోరాదన్న సూత్రాన్ని ప్రకటించి, 1999లో సాంస్కృతిక పరిశ్రమల ప్రోత్సాహక చట్టాన్ని తెచ్చింది. అయితే నేర్చిన పాఠాన్ని మరచిపోవడం కూడా సాధ్యమే. పార్క్ గున్ హే పాలనలో (2013-17) వేలాది కళాకారుల పేర్లతో నల్లజాబితా తయారైన సంగతి 2016లో బయటపడింది. సాంస్కృతిక మంత్రిగా పనిచేస్తున్న వ్యక్తి 2017 జనవరిలో అరెస్టు కావలసివచ్చింది. నిధులిచ్చే చేయి, నిషేధించే చేయి ఒకే శరీరానివి అన్న సత్యాన్ని ఏ సాంస్కృతిక శాఖా విస్మరించరాదు.

పరిశ్రమ విషయంలో మరొక వైరుధ్యం ఉంది. సో తైజీ బృందం 1996 జనవరిలో విరమించుకున్నది. అదే ఏడాది యాంగ్ హ్యోన్ సుక్ స్థాపించిన సంస్థ నేటి వై.జి. ఎంటర్‌టైన్‌మెంట్‌గా ఎదిగింది. అదే ఏడాది ఎస్.ఎం. సంస్థ హెచ్.ఓ.టి. అనే బృందాన్ని రంగంలోకి దింపింది. చిన్న వయస్సు పిల్లలను ఎంపిక చేసి, ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, పాటను, వేషాన్ని, నడతను సంస్థే నిర్ణయించే పద్ధతి క్రమంగా స్థిరపడింది. ఒంటరిగా కూర్చిన ఆల్బమ్ తెరచిన ద్వారం గుండా కర్మాగారం లోపలికి వచ్చిందన్నమాట. టెలివిజన్ సంస్థల నుంచి సో తైజీ గుంజుకున్న అధికారం వినోద సంస్థల చేతికి వెళ్లింది. 2017లో బి.టి.ఎస్. బృందం సో తైజీ 'కమ్ బ్యాక్ హోమ్' పాటను పునఃసృష్టించి, సియోల్‌లో ఆయన 25వ వార్షికోత్సవ కచేరీలో పాల్గొన్నది. ఆ గౌరవం సముచితమే. అయితే గౌరవించవలసిన వారసత్వం ఒక్క పాట కాదు, పాటపై పాడేవాడికి గల హక్కు.

మొత్తం మీద, ఈ ఆల్బమ్ సర్వాంగసుందరమైన కళాఖండం కాదు. అరువు తెచ్చుకున్న లయలు, సాదా ప్రేమగీతాలు, అక్కరలేని ఆంగ్లపదాలు ఇందులో ఉన్నాయి. వాటితో పాటు, స్వభాషకు ఒక కొత్త నడకను నేర్పిన ధైర్యం ఉంది, తన పనికి తానే బాధ్యత వహించిన ఇరవై ఏళ్ల యువకుడి పట్టుదల ఉంది. కొత్త రచనను అంచనా వేసే స్థానంలో కూర్చున్నవారు లోపాలను లెక్కించడం మానుకోనక్కరలేదు. తమ కొలబద్ద దేనిని కొలవలేదో కూడా తెలుసుకొని ఉండడం అవసరం. 7.8 అనే అంకె కొరియా సంగీత చరిత్రలో నిలిచిపోయింది. అది పాటకు వచ్చిన మార్కుగా కంటె, పాటను విన్నవారికి వచ్చిన మార్కుగానే ఎక్కువ గుర్తుండిపోయింది.